డోర్నకల్ తొలి బిషప్పు అజరయ్య

నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్, కాజీపేట–విజయవాడ రైలు మార్గం నుంచి కొత్తగూడెం బొగ్గు గనుల వైపు శాఖ చీలే జంక్షన్‌గా బయటివారికి పరిచయమే గాని, ఆంగ్లికన్ సంఘ చరిత్రలో, అంటే ఇంగ్లండులో రూపుదిద్దుకుని బిషప్పుల పాలనలో నడిచే క్రైస్తవ శాఖ చరిత్రలో, ఈ ఊరి స్థానం అంతకంటే గొప్పది. ఆ శాఖలో బిషప్పు పదవి పొందిన మొదటి భారతీయుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య పీఠం ఇదే.

1874లో తిరునెల్వేలి ప్రాంతంలో ఒక పాదిరి కుమారుడుగా పుట్టిన అజరయ్య, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చాలాకాలం పనిచేశారు. విదేశీ ధనం మీదా పెత్తనం మీదా ఆధారపడక, స్థానికుల కానుకలతో స్థానికులే నడిపే మిషనరీ సంఘాన్ని 1903లో తిరునెల్వేలిలో నెలకొల్పినవారిలో ఆయన ముఖ్యులు. ఆ సంఘం నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను తన క్షేత్రంగా ఎంచుకోగా, 1909లో గురువుగా అభిషేకం పొందిన ఆయన తానే ఇక్కడికి వచ్చి పనిలో దిగారు. మరుసటి ఏడు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మిషనరీలు భారతీయ సహోదరులకు త్యాగాలతో పాటు స్నేహాన్ని కూడా ఇవ్వాలని నిలదీసిన ఆయన ప్రసంగం అక్కడ కలకలం రేపింది. తెల్లవారిలోనూ భారతీయులలోనూ కొందరు వ్యతిరేకించినా, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషిక్తులయ్యారు.

తమిళుడైన ఆయన తెలుగు నేర్చి, ఎడ్లబండిలోనూ సైకిలు మీదా పల్లెలు తిరిగి, ప్రధానంగా మాల, మాదిగ వాడలలో పెరిగిన సంఘాలను తీర్చిదిద్దారు. బాప్తిస్మం పొందినవారు తమ చేయి తమ తలపైనే ఉంచుకుని, సువార్త చాటే బాధ్యత తమదేనని ఒప్పుకోవాలని ఆయన నేర్పిన పద్ధతి, అనాదిగా పక్కన పెట్టబడినవారిని వినేవారిగానే మిగల్చక చెప్పేవారిగా నిలబెట్టినందున, ఆయన సేవలన్నిటిలో మిన్న అనదగినది. మత ప్రాతిపదికపై క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించిన దృష్టిలోనూ ఈ నేలకు చెందిన సంఘమన్న భావమే కనిపిస్తుంది.

ఆ భావానికి రాతి రూపం ఎపిఫనీ కెథడ్రల్. కెథడ్రల్ అంటే బిషప్పు పీఠం ఉండే ప్రధాన దేవాలయం, ఎపిఫనీ అంటే తూర్పు జ్ఞానులకు క్రీస్తు ప్రత్యక్షమైన సందర్భాన్ని స్మరించే పండుగ. ఆ పండుగనాడే, 1939 జనవరి 6న, ప్రతిష్ఠ జరిగిన ఈ కట్టడంలో దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు, తామర, అరటిపువ్వు ఆకృతులు ఒకచోట కలిశాయి. దక్కను ప్రజల నిర్మాణ సంప్రదాయాలన్నీ ఆరాధనకు తగినవేనని ఇంత ధైర్యంగా ప్రకటించిన చర్చి అరుదు.

1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశారు. వివిధ ప్రొటెస్టెంట్ శాఖల ఏకీకరణకు 1919 తరంగంబాడి సమావేశం నుంచి ఆయన చేసిన కృషి, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పాటుతో ఫలించగా, డోర్నకల్ అందులో ఒక అధ్యక్ష మండలంగా, అంటే ఒక బిషప్పు పాలనలోని ప్రాంతంగా, కొనసాగింది.