మా ఇంట్లో గడ్డం కత్తి

మల్లేశ్వరం ఇంటి పాత చెక్కపెట్టెలో మడత కత్తి ఒకటుంది. కొమ్ము పిడి, అలుగు మొదట్లో షెఫీల్డ్ అని ముద్ర. పండగలకు వచ్చే పిల్లలు ముందు అడిగేది దాని సంగతే. అది మా ముత్తాతగారిది. మన ఇంట్లో తన గడ్డం తాను గీసుకున్న మొదటి మనిషి ఆయనే.

ఇందులో గొప్పేముంది అనిపించవచ్చు. అంతకుముందు హిందూపురం వైపు పల్లెలో ఉన్నప్పుడు అలా గీసుకోవడం మనవాళ్ళకు తప్పు. ఊరి పన్నెండుమంది ఆయగాళ్ళలో మంగలి ఒకరు. రోజుకూలి కాదు, కళ్ళంలో గింజలు కొలిచేవారు. పుట్టువెంట్రుకలు తీసేది ఆయనే, పెళ్ళికి సన్నాయి ఊదేది ఆ ఇంటివాళ్ళే, కురుపు కోసి కట్టుకట్టేది వాళ్ళే, పురుడు పోసేది ఆ ఇంటి ఆడవాళ్ళే. అయినా ఆయన మన గడప దాటింది లేదు. పెరట్లో పని చేయించుకుని, నెత్తిన నీళ్ళు పోసుకున్నాకే మనవాళ్ళు లోపలికి వచ్చేవారు. ఇది కూడా మన చరిత్రే, దాచేదేం లేదు.

1898 ప్లేగు తరువాత బెంగళూరులో మల్లేశ్వరం, బసవనగుడి పేటలు పెరిగాయి. ఆ తరువాతెప్పుడో మనవాళ్ళూ ఇక్కడికి చేరారు. ఇక్కడా ఇంటికే వచ్చి క్షవరం చేసేవాళ్ళుండేవారు, అదీ వారాలు చూసుకుని. మంగళవారం షాపులు మూసే అలవాటు ఇప్పటికీ ఉంది కదా. కానీ ఆఫీసు ఉద్యోగానికి రోజూ నున్నటి గడ్డం కావాలి. జిల్లెట్ రేజరుకు అమెరికాలో 1904లోనే పేటెంటు వచ్చినా, అది మన ఇంటిదాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా ముత్తాతగారు కత్తే పట్టారు.

నేర్పింది ఇంటికొచ్చే మంగలే. మొదట తోలుపట్టీ. కత్తి వీపు తోలును వదలకూడదు, వీపు ముందు నడవాలి, చివర వీపు మీదే తిప్పాలి. అంచు మీద తిప్పితే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. తరువాత వేడినీళ్ళతో గడ్డం బాగా నానబెట్టడం, ఎడమచేత్తో చర్మం బిగించడం. కత్తి మరీ పడుకోకూడదు, మరీ నిలబడకూడదు. వీపుకూ చెంపకూ నడుమ రెండు కత్తి వీపుల మందమంత సందు చాలు. వెంట్రుక వాలు వెంబడే గీయాలి, కత్తిని పక్కకు జారనివ్వకూడదు. గాటు పడేది అక్కడే. కొన్నాళ్ళు చెంపలు మాత్రం ముత్తాతగారివి, మూతి, గడ్డం కింద, గొంతు గురువుగారివి. చివర పటిక. పటిక మండితే చెయ్యి బరువుగా పడిందన్నమాట.

తన గిరాకీ పోతుందని తెలిసే ఆయన నేర్పాడు. తలకు మాత్రం చివరిదాకా ఆయనే వచ్చేవాడట, మా అవ్వ చెప్పేది.

మా తాతగారి కాలానికి సెవెన్ ఓ క్లాక్ బ్లేళ్ళొచ్చి కత్తి పెట్టెలోకి పోయింది. ఎయిడ్స్ భయంతో సెలూన్లలోనూ సానబట్టే కత్తి పోయి, మనిషికో సగం బ్లేడు వచ్చింది. ఆ వృత్తివాళ్ళను ఇక్కడ సవితా సమాజం అంటారు, మనవైపు నాయీబ్రాహ్మణులు.

మన వంశవృక్షంలో ఏడు తరాల పేర్లున్నాయి. ముత్తాతగారికి కత్తి పట్టడం నేర్పిన మనిషి పేరు ఎక్కడా రాసిలేదు. మైసూరు, అనంతపురం పెద్దవాళ్ళలో ఎవరికైనా గుర్తుంటే చెప్పండి, కత్తి ఫొటో కింద రాసిపెడతాం.