ఫ్రెంచి పూలపటమూ తెలుగు కలంకారీ

పాత్రలో అమర్చిన పూలను తైలవర్ణాలతో వేసిన పటాన్ని ఫ్రెంచివారు ‘మృత ప్రకృతి’ అంటారు. మనవారు కాస్త దయతలచి ‘నిశ్చల చిత్రం’ అన్నారు. పారిస్ రాజ అకాడమీ దృష్టిలో ఇది చిత్రకళకు అట్టడుగు మెట్టు. 1667 నాటి అకాడమీ ప్రసంగాలకు పీఠిక వ్రాస్తూ ఫెలిబియన్ చారిత్రక, పౌరాణిక ఘట్టాలను శిఖరాన నిలిపి, పూలనూ పండ్లనూ అడుగుకు నెట్టాడు. సమాజంలోని అంతస్తులే కళలోకీ దిగాయన్నమాట!

అయినా 14వ లూయీకి వెర్సాయి మేడల అలంకరణకు పూలు కావలసివచ్చాయి. వాటిని వేసినవారిలో ముఖ్యుడు జాఁ బాప్తిస్త్ మొనోయే (1636–1699). ఆ కాలపు పూలపటాలను నిదానించి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. వేర్వేరు ఋతువుల్లో పూచే పూలు ఒకే పాత్రలో ఉంటాయి. చిత్రకారుడు విడివిడిగా వేసి దాచుకున్న నమూనాలను కూర్చి, ఏ తోటలోనూ దొరకని గుత్తిని కట్టేవాడు.

సరిగా ఈ పనే మన కోరమండల్ తీరపు కలంకారీ పనివాడూ చేశాడు. ఒకే చెట్టుకు పలుజాతుల పూలు పూయించాడు. యూరపు వర్తకులు పంపిన నమూనాలు కూడా అతని చేతిలో కలిసిపోయాయి. అయితే అతని శ్రమ ఎన్నో రెట్లు. గుడ్డను కరక్కాయ రసంలోనూ గేదె పాలలోనూ నానబెట్టాలి. ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన ద్రవంతో నల్లగీతలు దిద్దాలి. ఎర్రబడవలసిన చోట పటిక నీళ్లు పూసి, చిరివేరుతో ఉడికించాలి. నీలం వద్దనుకున్న చోటల్లా మైనం కప్పి తొట్టిలో ముంచాలి. నీలం మీద పసుపు వేస్తే ఆకుపచ్చ. నడుమ నడుమ పారే నీటిలో ఉతుకులు, ఎండలో ఆరబెట్టడాలు. ఇంత చేసినవాని పేరు ఆ గుడ్డమీద ఉండదు. మొనోయే పేరు చరిత్రలో ఉంది.

మన చాపాడు, ప్రొద్దుటూరు ప్రాంతాలకు గండికోట దూరం కాదు. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే అక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలుసుకున్నాడు. కన్ను వజ్రాల మీదే ఉన్నా, మచిలీపట్నం ప్రాంతంలో కుంచెతో వేసే గుడ్డల సంగతి కూడా అతడు తన యాత్రాగ్రంథంలో వ్రాసిపెట్టాడు. 1669లో ఫ్రెంచి కంపెనీ మచిలీపట్నంలో వర్తకానికి గోలకొండ ఫర్మానా సంపాదించింది. పూలగుడ్డలు ఫ్రాన్సులో ఎంత వ్యామోహం రేపాయంటే, అక్కడి పట్టు, ఉన్ని పరిశ్రమలవారు గగ్గోలు పెట్టారు. 1686లో వాటి దిగుమతినీ, స్వదేశంలో అచ్చువేయడాన్నీ కూడా రాజు నిషేధించాడు. మొనోయే పూలు వెర్సాయి గోడలమీద వెలుగుతూ ఉండగానే తెలుగువాని పూలు నేరమయ్యాయి!

నిషేధం ఉన్నంత మాత్రాన కుతూహలం చావలేదు. తెలుగు నేర్చి, తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చిన జెసూట్ మతాచార్యుడు కేర్దూ, క్రైస్తవంలో చేరిన అద్దకపు పనివారిని అడిగి, ఈ విద్యనంతా 1742లో ఒక లేఖగా వ్రాసి స్వదేశానికి పంపాడు. ఆ లేఖ మన పనితనానికి గొప్ప యోగ్యతాపత్రమని మురిసిపోయేవారున్నారు. నాకు మాత్రం అందులో ఒక వృత్తి రహస్యం చేయి మారడమే కనబడుతుంది. 1759లో నిషేధం తొలగింది. మరుసటి ఏడే ఓబర్‌కాంఫ్ వెర్సాయి దగ్గరి జూయీలో అద్దకపు కార్ఖానా తెరిచాడు. అక్కడ అచ్చు దిమ్మెలు, తరువాత రాగి పలకలు, ఆపైన తిరిగే రోలర్లు వచ్చాయి. కుంచె పని వాటితో పోటీపడలేకపోయింది.

నీలం కథ మరికొంతకాలం నడిచింది. 19వ శతాబ్దిలో చెన్నరాజధానిలో నీలి పండించే జిల్లాలలో కడప ముందువరుసలో ఉండేది. 1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిని బజారులో పెట్టింది. ఆ తరువాత మన పల్లెల్లో నీలి తొట్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి.