ఎదుటివాని పత్తాలు

ప్రత్యేక సంచికకు మన జిల్లా చరిత్ర ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. కోటలు, గుళ్ళ గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను పత్తాలాట గురించి వ్రాస్తున్నాను. పెద్దలు మన్నించాలి.

1931లో నిజాంసాగర్ పూర్తయింది. మంజీర నీళ్ళు పారినచోట చెరుకు వచ్చింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడి, బోధన్ పక్కన శక్కర్‌నగర్ వెలిసింది. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతు కుటుంబాలు వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ ప్రాంతాలలో స్థిరపడ్డాయి. మనం పత్తాలంటే వారు పేకముక్కలన్నారు. మనం ఎక్కా అంటే వారు ఆసు అన్నారు. ఆట మాత్రం ఇద్దరికీ ఒకటే. క్రషింగ్ మొదలైతే చెరుకు బండ్లు గంటల తరబడి వరుసలో నిలిచేవి. ఒక లాంతరు, ఒక దుప్పటి, ఒక పత్తాల కట్ట ఉంటే రాత్రి గడిచిపోయేది.

ఈ ఆటకు కోర్టు చరిత్ర కూడా ఉంది. 1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు హైదరాబాదు జూద చట్టం కింద పట్టుకున్నారు. ఆ చట్టం 1305 ఫసలీ నాటిది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967లో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు వ్రాశారు. రమ్మీలో పడిన పత్తాలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అన్నారు. మూడు పత్తాల ఆటను మాత్రం కేవలం అదృష్టమన్నారు. ఈ తీర్పులో మొదటి సగం మా కాలపు క్లబ్బు మెంబర్లందరికీ కంఠతా వచ్చు. రెండో సగం ఎవరికీ గుర్తుండేది కాదు. నాకూ లేదు.

1978 చలికాలంలో, బోధన్ దగ్గర ఒక రోడ్డు పక్క, మూడు పత్తాల ఆటలో కూర్చున్నాను. జీతం జేబులోనే ఉంది. నా ఎదుట ఒక పెద్ద వయసు రైతు. సాయంత్రం నుంచి ఆయన పత్తాలు చూడకుండానే నోట్లు విసురుతూ, గట్టిగా నవ్వుతూ ఆడాడు. ఒక ఆటలో నాకు మూడూ ఇస్పేట్లే పడ్డాయి, పైన ఎక్కా. ఆయన ఆ ఆటలో పత్తాలు చూసుకున్నాడు, నిట్టూర్చాడు, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. “ఏం గుమాస్తాగారూ, ఆపేద్దామా?” అన్నాడు. భయపడ్డాడనుకొని పెంచుతూ పోయాను. చివరికి మూడు ఏడులు తెరిచాడు. జీతంలో సగం పైగా పోయింది. ఇంట్లో మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె ముఖం చదవడం నాకు ఈనాటికీ చేతకాదు.

తరువాత లెక్క వేసి చూశాను. మూడు పత్తాలు 22,100 విధాలుగా పడవచ్చు. వాటిలో ఒకే అంకె మూడుసార్లు వచ్చేవి 52 మాత్రమే. నాలుగింట దాదాపు మూడు వంతులు జత కూడా లేనివే. కాబట్టి అరిచేవాని చేతిలో సాధారణంగా ఏమీ ఉండదు, నిట్టూర్చేవాని దగ్గర ఉంటుంది. అమెరికాలో మైక్ కారో అనే పోకర్ ఆటగాడు ఈ సంగతిపైనే 1984లో ఒక పుస్తకం వ్రాశాడని మా మనుమడు చెప్పాడు. చేతిలో బలమున్నవాడు బలహీనుడిలా నటిస్తాడట. అందుకు నేను అప్పటికే రుసుము చెల్లించి ఉన్నాను.

అయినా ఆ చదువు నాకు అక్కరకు రాలేదు. నెల తిరగకముందే అదే పెద్దాయన ఎదుట మళ్ళీ కూర్చున్నాను. ఆయన నిట్టూర్చాడు, నేను వెంటనే పత్తాలు పడేశాను. డబ్బు లాక్కొని తన పత్తాలు చూపించాడు. జత కూడా లేదు! నిట్టూర్పుకు ఖర్చేముంది?

రమ్మీలో అలా కుదరదు. ఎదుటివాడు నేను వదిలిన కళావరు ఏడు ఎత్తుకుంటే అతని దగ్గర అయిదు, ఆరు, ఎనిమిది, తొమ్మిదిలలో రెండైనా, లేదా ఇతర ఏడులైనా ఉండాలి. ఇక అవి నా చేయి దాటవు. అతడు పత్తాలు సర్దడం ఆపేస్తే ఒక్క పత్తా కోసమే చూస్తున్నాడని అర్థం. ఘటికులు కావాలనే ఒక పత్తా ఎత్తి మనల్ని దారి తప్పిస్తారు, నిజమే. కాని ఆ అబద్ధానికి తన చేతిలోది ఒకటి వదులుకోవాలి. జడ్జిగారు చూసిన తేడా ఇదేనని నా అభిప్రాయం.

తరువాత సంగతులు మీకు తెలిసినవే. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడింది. 2017లో మన రాష్ట్రం డబ్బు పెట్టి ఆడే రమ్మీని కూడా జూదం కిందికి తెచ్చింది. 2025లో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఫోనులో పోగొట్టుకున్న పిల్లలు మన పెన్షనర్ల ఇళ్ళలోనూ ఉన్నారు. ఆ తండ్రులు నా దగ్గర కూర్చొని ఏడ్చారు. ఆ పిల్లలకు ఎదుటివాడు మనిషో కాదో కూడా తెలియలేదు.

మేము నలుగురం ఆదివారాలు చింతగింజలతో రమ్మీ ఆడుకుంటాం. మొన్న ఒకాయన సర్దడం ఆపగానే మిగతా ముగ్గురం పత్తాలు దింపేశాం. ఆయన అలిగి టీ తాగకుండా వెళ్ళిపోయాడు.