ఫామికామ్ నమూనాలు: క్రయవిచారము

జపాను దేశపు నింటెండో సంస్థ 1983 జూలై 15న వెలువరించిన ఫామికామ్ అను ఈ క్రీడాయంత్రము తెలుగునాట స్వనామముతోగాక, తైవాను మొదలగు చోట్ల పుట్టిన అనుకరణల రూపమున ‘టీవీ వీడియో గేమ్’గా ప్రసిద్ధమైనది. మూలయంత్రమునే కోరువారికి 1993 నాటి ఏవీ నమూనాయే శ్రేయస్కరము. ఏలయన, తొలి నమూనా జపాను టీవీ ఛానెళ్లకు అనుగుణమైన ఆర్‌ఎఫ్ సంకేతమును మాత్రమే వెలువరించును, దాని కంట్రోలర్లు వెలుపలినుండి ఊడదీయరానివి, క్రొత్తదియో చిత్రమును ధ్వనిని వేర్వేరు తీగలపై నొసగును. అయినను రెండవ కంట్రోలరునందలి మైక్రోఫోను తొలిదానియందే కలదు. వేడుకకాండ్రకు అదియే ప్రియము. 60 పిన్నుల పాత క్యాసెట్లు రెండింటను ఇముడును. జపాను విద్యుత్తు 100 వోల్టులు, మనది 230 వోల్టులు. కావున జపాను అడాప్టరును నేరుగా మన ప్లగ్గునకు తగిలింపరాదు.