తామరాకుపై నీటిబొట్టు

అంటీ ముట్టని మనిషిని గూర్చి చెప్పవలసివచ్చినచో తెలుగువాడు తామరాకుపై నీటిబొట్టును తలచుకొనును. ఈ ఉపమానము మిక్కిలి ప్రాచీనమైనది. భగవద్గీతలో ఇది కలదు. కాలిన ఇనుముపై పడి నశించు నీరే తామరాకుపై ముత్యమువలె మెరయునని భర్తృహరి తన నీతిశతకమున చెప్పెను. ఏనుగు లక్ష్మణకవి దానిని తెనిగించి మన బాలుర నోట నిలిపెను.

కవులు చూచినది సత్యమే. కాని నీరు ఆకునేల అంటదు? ఆకు నునుపుగా నుండుటచే జారిపోవునని ఎవరికైనను తోచును. నిజము ఇందుకు విరుద్ధము.

నీటిబొట్టు ఒక తలమును తాకుచోట ఏర్పడు కోణమును గూర్చి 1805లో ఇంగ్లండున థామస్ యంగ్ వివరించెను. తలమునందలి సందులలో గాలి చిక్కుకొన్నచో బొట్టు మరింత గుండ్రనగునని 1944లో కాసీ, బాక్‌స్టర్ అనువారు తెలిపిరి. పిమ్మట, 1970 తరువాతి సంవత్సరములలో, జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద అనేక మొక్కల ఆకులను పరీక్షించెను. ఎల్లప్పుడు శుభ్రముగా నుండు ఆకులే గరుకుగా కనబడెను! 1997లో ఆయన నైన్‌హుయిస్‌తో కలిసి ప్రకటించిన వ్యాసము తామరాకు రహస్యమును లోకమునకు చాటెను.

తామరాకుపై మిల్లీమీటరులో సుమారు నూరవవంతు ఎత్తుగల బుడిపెలు కిక్కిరిసి యున్నవి. వానిపై అంతకంటె ఎన్నో రెట్లు సన్నని మైనపు గొట్టములు కలవు. నీరు ఈ కొనలపై మాత్రమే నిలుచును. క్రింద గాలి యుండును. అందుచే బొట్టు బంతివలె దొర్లును. దొర్లుచు దుమ్మును, తెగులు కలిగించు శిలీంధ్ర బీజములను తుడిచికొని పోవును.

ఇది మొక్కకు అలంకారము కాదు, ప్రాణావసరము. తామరాకునకు ఊపిరి రంధ్రములు పైవైపుననే యున్నవి. నీటిపొర కమ్మినచో గాలి ఆడదు.

మచ్చ బొల్లారము, అల్వాలు, శామీర్‌పేటల వంటి చెరువుల సీమలో తామరకొలను చేరువ లేకున్నను, పెరటిలోని చేమాకు చాలును. దానిపై నీరు చల్లి చూడుడు, ముత్యములు దొర్లును. ఒకచోట వ్రేలితో గట్టిగా రుద్ది మరల చల్లుడు. నీరు అచట అంటుకొనును. సబ్బునీరైనచో రుద్దకయే అంటును. నునుపైన ఆకులపై మందు చల్లు రైతు అందులో అంటుమందు కలుపుటకు కారణమిదియే.

ఇన్ని శతాబ్దములు మనము నిర్లిప్తతకు గుర్తుగా చెప్పుకొన్న ఆకు, నిజమునకు క్షణమైన ఏమరక తన ఊపిరిని కాపాడుకొనుచున్న ఆకు.