మాత్ర ఆపారు, మందు ఆగలేదు

నాన్నకి ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి అబ్లేషన్ చేసి మూడు నెలలు దాటింది. మొన్న డాక్టరుగారు అమియోడరోన్ ఆపెయ్యమన్నారు. దాంతో ఇంట్లో రెండు పార్టీలు. "ఆ మాత్ర వల్లే కదా గుండె సరిగ్గా కొట్టుకుంటోంది, ఎందుకు ఆపడం?" అని అమ్మ. "బాగైపోయింది కనకే ఆపమన్నారు, ఆ రక్తం పల్చబడే మాత్ర కూడా మానేస్తా" అని నాన్న. మధ్యలో నేను. సరే, అసలు ఈ మందులెలా వచ్చాయో చూద్దామని కూర్చున్నా.

కథ మలేరియాతో మొదలవుతుంది (మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ 1897లో దోమలో పట్టుకున్న ఆ మలేరియానే). 1912లో వెంకెబాక్ అనే డచ్చి డాక్టరు దగ్గరికి నాడి గతి తప్పిన ఓ వర్తకుడొచ్చాడు. మీవల్ల కాకపోతే నేనే సరిచేసుకుంటా, రేప్పొద్దున చూడండి అన్నాడట. ఓ గ్రాము క్వినైన్ మింగి, మర్నాడు నాడి సరిగ్గా కొట్టుకుంటూ వచ్చి చూపించాడు! ఆ దారి పట్టుకుని 1918లో వాల్టర్ ఫ్రే, సింకోనా బెరడు నుంచే వచ్చే క్వినిడిన్ ఇంకా బాగా పనిచేస్తుందని తేల్చాడు. తర్వాత తెలిసిందేంటంటే, లయ సరిచేసే ఆ మందే కొందరిలో ప్రాణాంతకమైన లయని పుట్టిస్తుందని.

ఈ సంగతి గట్టిగా తగిలింది 1989లో. గుండెపోటు వచ్చినవాళ్ళలో అదనపు స్పందనలు ఎక్కువుంటే చావులూ ఎక్కువ. కాబట్టి స్పందనలు అణిచేస్తే బతుకుతారు కదా అనుకున్నారు. కాస్ట్ అనే ట్రయల్ పెట్టారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఇచ్చిన 755 మందిలో 63 మంది పోయారు, ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన 743 మందిలో 26 మంది. ఈసీజీ మాత్రం శుభ్రంగా కనబడింది! లాగ్‌లో వార్నింగులు కనబడకుండా చేసి సర్వర్ బాగుపడిందనుకోవడం మనకి కొత్త కాదుగా. ఆ రోగులు వేరు, నాన్న జబ్బు వేరు, నిజమే. కానీ అవసరం తీరాక ఈ మందులు ఊరికే కొనసాగించకూడదన్న జాగ్రత్త అప్పుడు బలపడింది. అమ్మకి జవాబు ఇదే.

అమియోడరోన్ ఇంకో రకం. 1960ల్లో బెల్జియంలో గుండెనొప్పి మందుగా మొదలైంది. బరువులో మూడోవంతు పైగా అయోడినే, అందుకే థైరాయిడ్ టెస్టులు. కొవ్వులో దాక్కుని, ఆపాక కూడా వారాలు, ఒక్కోసారి నెలలు ఒంట్లోనే ఉంటుంది. అంటే ఆపిన మొదటి నెల బాగుంటే అబ్లేషన్ గెలిచినట్టు కాదు. అసలు పరీక్ష తర్వాత మొదలవుతుంది. నాన్నకి ఇది చెప్తే మొహం కాస్త చిన్నబోయింది.

అబ్లేషన్ సంగతికొస్తే, 1998లో బోర్డోలో హైసాగేర్ బృందం 45 మందిలో జబ్బు రాజుకునే 69 చోట్లు వెతికితే, 65 ఊపిరితిత్తుల నుంచి గుండెకొచ్చే సిరల్లోనే దొరికాయి. ఆ చోట్లని కాల్చెయ్యడం, లేదా సిరని గుండెనుంచి విద్యుత్‌పరంగా విడదీయడం, అక్కణ్ణించే వచ్చింది. కాల్చిన చోటు మానేదాకా లయ అటూ ఇటూ అవుతుంది కనక ఆ రెండు మూడు నెలలు మందు తోడుంచుతారు.

ఇక నాన్న పార్టీ. 2002లో వచ్చిన అఫర్మ్ ట్రయల్లో 4,060 మంది. లయ సరిచేసే దారి, వేగం మాత్రం తగ్గించే దారి, రెండింట్లోనూ పక్షవాతాలు ఎక్కువగా వచ్చింది వార్ఫరిన్ ఆపేసినవాళ్ళకి, లేదా అది చాలినంత పనిచెయ్యనివాళ్ళకి. లయ సరిపడిందని రక్తం పల్చబడే మందు మానడం వేరే నిర్ణయం; వయసు, బీపీ, షుగరు చూసి తీసుకునేది. 2025లో కొరియా వాళ్ళ ట్రయల్ ఒకటి, ఆపినా ఫరవాలేదనే వైపు చెప్పింది, కానీ అందులో చేరినవాళ్ళకి అబ్లేషన్ తర్వాత కనీసం ఏడాదిపాటు జబ్బు తిరగబెట్టలేదు. నాన్నకి అయింది మూడు నెలలు, పైగా షుగరు, బీపీ.

"అయితే ఏడాదికి అడుగుతా" అన్నాడు. మాత్రల డబ్బాలో పొద్దుటి గడి ఖాళీ అయింది. రాత్రిది మాత్రం అమ్మ దగ్గరుండి మింగిస్తోంది.