టెక్ భాషయందు తెలుగు: అన్యసాధన సంధాన చరిత్ర

నారాయణఖేడ్ తాలూకా పూర్వపు హైదరాబాదు రాజ్యమున బీదరు జిల్లాకు చేరియుండెను. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు బీదరు జిల్లాలో అధికభాగము మైసూరు రాష్ట్రమునకును, అహమదుపూరు, నిలంగా, ఉదగీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకును పోయినవి. నారాయణఖేడ్ తాలూకాయు, జహీరాబాదు తాలూకాలో అధికభాగమును ఆంధ్రప్రదేశమున జేరి మెదకు జిల్లాలో భాగములైనవి. 2016 అక్టోబరు 11వ తేదీనుండి నారాయణఖేడ్ సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుగు, కన్నడము, మరాఠీ కలిసిన యీ సీమలో ఉర్దూ రాజభాషగా చిరకాలము వ్యవహరించినది. ఇట్టి సీమలోని గ్రామనామములను పరిశీలింపబూనిన విద్యార్థికి ఒకే పుటలో నాలుగు లిపులు కావలసివచ్చును. తెలుగు, కన్నడ, నాగర లిపులు ఎడమనుండి కుడికి నడచును; ఉర్దూ లిపి కుడినుండి ఎడమకు నడచును.

అట్టి పుటను కూర్చుటెట్లు? కూర్చిన పిదప ఇరువదియేండ్లకు దానిని మరల తెరచి చదువుట సాధ్యమగునా? ఈ రెండు ప్రశ్నలలో రెండవదే పరిశోధకునకు ముఖ్యమైనది. తెలుగు సిద్ధాంతగ్రంథములు కంప్యూటరుపై కూర్చబడుట మొదలైన తరువాత, ముద్రితప్రతి బీరువాలో భద్రముగా నున్నను, దాని మూలమైన కంప్యూటరు ప్రతి చదువరాకుండ పోయిన సందర్భములు అరుదు కావు. దీనికి కారణమును టెక్ అను చిన్న ప్రోగ్రామింగు భాష చరిత్ర మూలమున నిరూపింపవచ్చునని మేము తలచుచున్నాము. ఆ భాష బయటి లైబ్రరీలతోను, ప్లాట్‌ఫారములతోను ఎట్లు సంధానింపబడినదో, అందు తెలుగు స్థానమెట్టిదో ఈ వ్యాసమున పరిశీలింతుము. లైబ్రరీ యనగా ఒక పనిని చేయుటకు ముందుగా వ్రాసియుంచి, ఇతర ప్రోగ్రాములు పిలిచి వాడుకొనుటకు వీలుగా అమర్చిన ప్రోగ్రాముల సంపుటి. ప్లాట్‌ఫారమనగా విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ వంటి ఆధారవ్యవస్థ.

టెక్ స్వయంసంపూర్ణత

1977లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ కనూత్ తన గ్రంథము యొక్క రెండవ కూర్పునకు వచ్చిన ప్రూఫులను చూచి, అక్షరకూర్పు నాణ్యత క్షీణించినదని అసంతృప్తి చెంది, స్వయముగా ఒక సాధనమును నిర్మింప సంకల్పించెను. 1978లో దాని తొలిరూపమును, 1982లో పూర్తిగా మార్చివ్రాసిన రూపమును వెలువడినవి. టెక్ అక్షరకూర్పు సాధనముగానే ప్రసిద్ధమైనను, నిజమునకది సంపూర్ణమైన ప్రోగ్రామింగు భాష. గణితశాస్త్ర విద్వాంసులు మాత్రము దానిని విరివిగా వాడిరి. తక్కిన ప్రోగ్రామర్ల లోకమున దాని వ్యాప్తి స్వల్పము.

కనూత్ ముఖ్యోద్దేశము స్థిరత్వము. నేడు కూర్చిన పుట నూరేండ్ల తరువాత, ఏ యంత్రముపైననైనను, మార్పులేక రావలెనని అతని సంకల్పము. అందుచేత టెక్ ఏ యంత్రమును, ఏ బయటి లైబ్రరీని నమ్ముకొనలేదు. 1990లో వెలువడిన మూడవ రూపముతో దాని అభివృద్ధిని ఆపివేసి, కనూత్ దోషపరిష్కారమునకు మాత్రమే పూనుకొనెను. పరిష్కారము జరిగిన ప్రతిసారియు దాని సంఖ్యకు పై విలువలోని ఒక్కొక్క అంకె చేరుచుండును.

టెక్‌నకు అక్షరమనగా వెడల్పు, ఎత్తు, లోతు గల పెట్టె మాత్రమే. ఆ పెట్టెలో నున్న ఆకారమేదో దానికి తెలియదు. ఒక ఫాంటులో 256 పెట్టెలకు మించి యుండరాదు. బయటి లోకమునకు అది ఉంచిన ద్వారములు రెండుమూడు మాత్రమే. ఫైలును చదువుట, ఫైలును వ్రాయుట గాక, 'స్పెషల్' అను ఆజ్ఞ ఒకటి కలదు. ఆ ఆజ్ఞలో వ్రాసినదానిని టెక్ అర్థము చేసికొనక, యథాతథముగా ముద్రణయంత్రపు ప్రోగ్రామునకు అందజేయును. చిత్రములు, రంగులు మొదలైనవి చిరకాలము ఈ యొక్క ద్వారముగుండనే టెక్‌లో ప్రవేశించినవి.

తెలుగుకూర్పునకు ఈ పెట్టె సరిపోలేదు. 'స్త్రీ' అను మాటను తీసికొందము. సకారము క్రింద తకారపు ఒత్తు, ఆపై రకారపు ఒత్తు రావలెను. ఉచ్చారణలో చివరనున్న ఈకారపు గుడిదీర్ఘము మాత్రము మొదటి సకారముపై చేరవలెను. ఆ గుడిదీర్ఘము చేరగనే సకారపు తలకట్టు తొలగవలెను. వరుసగా అమర్చిన పెట్టెలకు ఈ నియమము తెలియదు. దానిని వేరొకరు చెప్పవలెను.

తొలి వంతెనలు

చెప్పుటకు తొలుదొల్త ఏర్పడిన మార్గము పూర్వసంస్కరణము. అనగా, రచనను టెక్‌నకు అందించుటకు ముందు వేరొక ప్రోగ్రాము దానిని చదివి, టెక్ గ్రహింపగల ఆజ్ఞలుగా మార్చును. నెదర్లాండ్సులోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రాన్స్ వెల్తూయిస్ నాగరలిపికి ఇట్టి సాధనమును నిర్మించి 1991లో వెలువరించెను. అదే కాలమున అవినాశ్ చోప్డే రచించిన ఐట్రాన్స్ అను సాధనము పలు భారతీయ లిపులను టెక్‌తో కలిపెను. తెలుగునకు ముక్కవిల్లివారు తెలుగుటెక్ అను ఫాంటులను సమకూర్చిరి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయము పేరిట ప్రసిద్ధమైన రోమను లిప్యంతరీకరణ పద్ధతిని కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్‌లు ఏర్పరచిరి. ప్రవాసాంధ్రులు తొలినాళ్ల నెలకొల్పిన తెలుగు చర్చావేదికలలో ఆ పద్ధతియే వాడుకలోనికి వచ్చినది.

ఈ పద్ధతిలో 'నారాయణఖేడ్' అను పేరును రోమను అక్షరములతో వ్రాయుదురు. దీర్ఘమును, మూర్ధన్యములైన ణకార డకారములను పెద్దబడి యక్షరములు సూచించును. చదువరికి ఇది కొంత వింతగా దోచినను, ఇందొక గుణము కలదు. ఫైలులో నిలిచినది ఆకారము గాదు, అక్షరము. ఒత్తు ఎచ్చట బడవలెను, తలకట్టు ఎపుడు తొలగవలెను అను జ్ఞానము ప్రోగ్రామునందుండును, రచనయందుండదు.

సరిగా ఆ కాలముననే తెలుగుదేశపు ముద్రణాలయములలో వేరొక మార్గము ప్రబలినది. వాణిజ్యసంస్థల కూర్పుసాధనములు తలకట్టును, గుడిని, ఒత్తులను వేరువేరు ముక్కలుగా ఫాంటులో నమర్చి, ఆ ముక్కల సంఖ్యలనే ఫైలులో భద్రపరచినవి. ఒక్కొక్క సంస్థ సంఖ్యాక్రమము ఒక్కొక్క తీరుగా నుండెను. ముద్రితమైన పుట సుందరమే. కాని ఫాంటు పోయిన దినమున ఫైలులో మిగులునది అర్థరహితమైన గుర్తుల వరుస. అందొక పదమును వెదకుటయు, అకారాదిగా అమర్చుటయు దుర్లభము. నిఘంటుకారునకు, పదప్రయోగ సూచిక కావలసిన పరిశోధకునకు ఇది చిన్న నష్టము గాదు. రోమను లిపిలో నున్న పాత రచనలను మాత్రము నేటికిని యాంత్రికముగా తెలుగులిపికి మార్చుకొనవచ్చును. అక్షరమును భద్రపరచినది నిలిచినది. ఆకారమును భద్రపరచినది చెడినది. ఈ వ్యాసమున మేము ప్రతిపాదించు సిద్ధాంతమునకు ఇదియే మూలము.

జ్ఞానమును పరహస్తమున నుంచుట

1991లో యూనికోడ్ ప్రమాణము వెలువడినది. భారతీయ లిపులకై 1988లో ఏర్పడిన ఇస్కీ ప్రమాణము ననుసరించి అందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడెను. ఇదియు అక్షరమునే గణించును. 'నారాయణఖేడ్' పేరు గుణింతపు గుర్తులతోను, తుది పొల్లుతోను గూడి పది సంకేతములు. 'స్త్రీ' ఆరు సంకేతములు. ఆకారమును నిర్ణయించు పనిని యూనికోడ్ తనపై వేసికొనలేదు. ఆ బాధ్యతను ఫాంటునకును, లిపివిన్యాసము చేయు లైబ్రరీకిని విడిచినది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చుటచే సామాన్యుని యంత్రముపై ఈ పద్ధతి తెలుగునకు సుసాధ్యమైనది. తిరుమల కృష్ణదేశికాచార్యులవారి పోతన, వేమన ఫాంటులును ఈ మార్గమున తొలి ప్రయత్నములలోనివి.

టెక్‌ను ఈ క్రొత్తలోకముతో కలిపినవాడు జోనథన్ క్యూ. 2004లో అతడు మాక్ యంత్రమునకై జీటెక్ అను రూపమును వెలువరించెను. ఫాంటుల గూర్చిన జ్ఞానమును టెక్‌లో మరల వ్రాయక, అతడు ఆ యంత్రముననే యున్న ఆపిల్ లైబ్రరీని పిలిచెను. టెక్ ఒక పదమును లైబ్రరీకిచ్చి, ఆకారముల వరుసను, వాని వెడల్పులను తిరిగి గైకొనును. పంక్తివిభాగము, పుటనిర్మాణము మాత్రము కనూత్ నిర్మించిన పద్ధతిలోనే జరుగును. 2006లో ఐసీయూ అను వేరొక లైబ్రరీ సాయమున జీటెక్ లినక్స్, విండోస్‌లకును వ్యాపించెను. 2013లో ఐసీయూ విన్యాసభాగము స్థానమున హార్ఫ్‌బజ్ అను లైబ్రరీ వచ్చెను. ఈ పేరులోని 'హర్ఫ్' హైదరాబాదు ఉర్దూ ఎరిగినవారికి సుపరిచితమే. పారసీకమున 'తెరచిన అక్షర'మని దాని భావము. ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ మొదలైనవియు తెలుగును ఈ లైబ్రరీ మూలముననే చూపుచున్నవి.

హార్ఫ్‌బజ్‌లో ఒక్కొక్క లిపికులమునకు వేరు నియమములు కలవు. తెలుగు, కన్నడములలో రెండవ హల్లు ఒత్తుగా క్రిందికి దిగును. నాగరమున సాధారణముగా మొదటి హల్లే సగమై నిలుచును. ఇకారపు గుర్తు హల్లునకు ముందు వచ్చును. ఉర్దూలో ప్రతి అక్షరము ఇరుగుపొరుగుల ననుసరించి రూపము మార్చుకొనును. టెక్ ఈ నియమములలో నొక్కటియు ఎరుగదు. ఎరుగవలసిన పనియు లేదు. అయినను మేము పైన పేర్కొన్న నారాయణఖేడ్ గ్రామనామముల పుటను అది నాలుగు లిపులలో నేడు కూర్పగలదు.

మరియొక శాఖ లువాటెక్. హాన్స్ హాగెన్, హార్ట్‌ముట్ హెంకెల్, టాకో హూక్వాటర్లు టెక్‌లోనికి లువా అను వేరొక ప్రోగ్రామింగు భాషను చొప్పించిరి. లువా 1993లో బ్రెజిల్‌లో పుట్టిన చిన్న భాష. ఇతర ప్రోగ్రాములలో నిముడుటకే నిర్మింపబడినది. ఇందు తొలుత ఫాంటు జ్ఞానమును లువాలోనే వ్రాసికొనుట జరిగినది. కాని 2020 నాటి టెక్ సంపుటిలో హార్ఫ్‌బజ్‌ను చేర్చిన రూపమునకే స్థానము లభించినది. స్వయముగా వ్రాసికొనుటకంటె ఉమ్మడి లైబ్రరీని ఆశ్రయించుటయే లిపులకు మేలైనదని దీనివలన స్పష్టము.

ఆశ్రయమునకు చెల్లింపవలసిన మూల్యము

ఆశ్రయము నిర్దోషమని మేము చెప్పజాలము. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులలో ఒక వింత దోషము బయటపడినది. జకారము, పొల్లు, ఞకారము, వాని వెంట కంటికి కనబడని ఒక విభజనచిహ్నము, ఆకారపు గుర్తు అను ఐదు సంకేతముల తెలుగు వరుసను చూపబోయిన ప్రోగ్రాములు కూలిపోయినవి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19వ తేదీన క్రొత్త కూర్పుతో దానిని సరిదిద్దినది. ఆ ప్రోగ్రాములు వ్రాసినవారి దోషమిందు లేదు. వారందరు నమ్మిన ఒక్క లైబ్రరీలో దోషముండెను. ఒక్కచోటి దోషము అందరిని బాధించినది. ఒక్కచోటి పరిష్కారము అందరిని రక్షించినది. ఉమ్మడి యాధారమునకు ఈ రెండును సహజములు.

రెండవ మూల్యము స్థిరత్వము. కనూత్ టెక్‌లో నాడు కూర్చిన పుట నేడును అట్లే వచ్చును. లైబ్రరీలోగాని ఫాంటులోగాని ఒక ఒత్తు వెడల్పు మారినచో జీటెక్‌లో పంక్తి వేరొకచోట విరుగవచ్చును; పుటసంఖ్యయు మారవచ్చును. పుటసంఖ్యలతో నుదాహరించు పరిశోధకుడు దీనిని విస్మరింపరాదు. అయినను 2004 నుండి 2013 వరకు తొమ్మిదేండ్లలో జీటెక్ ఆశ్రయించిన విన్యాస లైబ్రరీలు మూడు. వంతెన మారినను, యూనికోడ్‌లో వ్రాసిన తెలుగు రచనలో ఒక్క యక్షరమును మార్చవలసిన యవసరము కలుగలేదు. పుటరూపము చంచలమైనను పాఠము స్థిరమైనది. పరిశోధనకు పాఠమే ప్రాణము.

తెలుగుశాఖల కర్తవ్యము

దీనినుండి తేలునది యిది. చిన్న భాష, అది కంప్యూటరు భాషయైనను, కొలదిమంది వ్రాయు లిపియైనను, తన కవసరమైన సమస్తమును తానే నిర్మించుకొని జీవింపనక్కరలేదు. తనది యేదో, పరులది యేదో స్పష్టముగా విభజించుకొన్నచో చాలును. టెక్ పుటనిర్మాణమును తనయందుంచుకొని, లిపిజ్ఞానమును ఉమ్మడి లైబ్రరీకి విడిచినది. మనము పాఠమును అక్షరరూపమున మనయందుంచుకొని, ఆకారమును ఫాంటునకు విడువవలెను. సిద్ధాంతగ్రంథముల ముద్రారూపముతోపాటు యూనికోడ్ మూలమును, వాడిన ఫాంటు పేరును, సాధనపు సంఖ్యను గ్రంథాలయమున భద్రపరచుట అవసరము.

ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. ఉమ్మడి లైబ్రరీలోని తెలుగుజ్ఞానము తనంత తానే పుట్టదు. శాసనభాషలోని ఴకారము 2014లోను, ౚ అను అక్షరము 2015లోను, ప్రాచీన ముద్రితగ్రంథములలోని నకారపొల్లు 2021లోను యూనికోడ్‌లో చేరినవి. ఇట్టి యక్షరములకు నిదర్శనములు శాసనములలోను, ప్రాచీనగ్రంథములలోను ఉన్నవి. వానిని చదువువారు తెలుగుశాఖలలో నున్నారు. ఒక యక్షరము ప్రమాణమున జేరి, ఫాంటున రూపము పొందినచో, టెక్‌లో తెలుగునకై ప్రత్యేకముగా ఒక్క పంక్తి వ్రాయకయే అది పుటపైకి వచ్చును. కావున లిపివిషయమున దోషము కనబడినపుడు, ఎవరికివారు తమ ఫైలులో అతుకువేసికొనుట యుక్తము గాదు. ఆ దోషమును నిదర్శనములతో లైబ్రరీ నిర్వాహకులకు, ప్రమాణకర్తలకు నివేదించుట పరిశోధనలో భాగముగనే పరిగణింపబడవలెనని మా యభిప్రాయము.